సీసాలో సెంటు, పొలంలో సెంటు



ఈ రోజు పామాయిల్ గెలల రేటు గురించి కాదు, సెంటు గురించి రాస్తున్నాను. భూమి లెక్క సెంటు కాదండోయ్, చొక్కాకి కొట్టుకునే సెంటు. నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. ఇందులో మన డబ్బు సంగతి ఉంది.

మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ ఒక ఆకుపచ్చ సీసా తెచ్చాడు. యాభై మిల్లీలీటర్లు, మన డబ్బుల్లో పదివేల పైమాటే. "కొట్టి చూడు మావయ్యా, మన తోట గుర్తొస్తుంది" అన్నాడు. సెంటంటే ఏ మల్లెపూల వాసనో అనుకుని చేతి మీద కొట్టుకున్నాను. ముందు చిక్కుడుకాయలకి ఈనె తీస్తుంటే వచ్చే పచ్చివాసన. వెంటనే మిరియాలు దంచిన ఘాటు. అరగంటకి ఆ ఘాటు దిగిపోయింది. సాయంత్రానికి మిగిలింది చూడండి, అదీ అసలు సంగతి: నాలుగు రోజులు ముసురు పట్టాక కొబ్బరి మొదట్లో పట్టే పాచి, కింద నానిన కోకో ఆకు, తడి బెరడు. అచ్చం అదే. మా ఆవిడ దగ్గరికొచ్చి "తోటలోంచి వచ్చి కాళ్ళు కడుక్కోలేదా?" అంది. పదివేల సెంటండీ!

నాకు మాత్రం నచ్చింది. తీపి వాసన కాదు, మొహం మొత్తదు. పనిచేసి వచ్చిన మనిషి వాసనలా ఉంది.

ఇందులో ఏముందిరా అని అడిగితే మావాడు ఫోన్లో చూసి చదివాడు. మిరియాలు, జాజికాయ, వట్టివేరు, పచౌలి ఆకు, ఓక్‌మాస్. ఈ ఓక్‌మాస్ అనేది ఐరోపాలో ఓక్ చెట్ల బెరడు మీద పెరుగుతుంది. పేరుకి పాచే గానీ నిజానికి లైకెన్ జాతి. మనం బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఆ జాతిదే. ఫ్రాన్స్‌లో కోటీ అనే ఆయన 1917లో 'షిప్ర్' అని ఒక సెంటు తెచ్చాడు, షిప్ర్ అంటే సైప్రస్ దీవి. ఈ పాచి వాసన సెంట్లకి ఆ పేరు అప్పటినుంచీ స్థిరపడిపోయింది. అంటే వందేళ్ళ పైబడి ఈ తడి తోట వాసనని డబ్బిచ్చి కొంటున్నారు.

ఓక్‌మాస్ తప్ప మిగతావన్నీ కొబ్బరి నీడలోనో మెట్ట చేలోనో పండేవే. ఇక్కడే మనవాళ్ళకి ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది. నాలుగేళ్ళ కిందట పచౌలి మొక్కలు ఇస్తాం, ఆకు మేమే కొంటాం అని ఒకళ్ళు వస్తే అరెకరంలో వేశాను. పంట బాగానే వచ్చింది. కోసి నీడలో ఆరబెట్టి బస్తాలు కట్టాను. కొంటామన్న వాళ్ళ ఫోను మోగడం మానేసింది. ఎండుటాకు వంద కిలోలు ఆవిరి బట్టీలో పెడితే రెండు మూడు కిలోల నూనె వస్తుంది. విలువంతా ఆ నూనెదే. మా దగ్గర్లో బట్టీ ఏదీ? వానాకాలంలో చెమ్మ తగిలి బస్తాలు బూజు పట్టాయి. ఆఖరికి కొబ్బరి పాదుల్లో ఎరువుగా వేశాను. ఆ నెలంతా తోట మాత్రం అమెరికా సెంటులాగే ఉంది.

నా అభిప్రాయం ఒక్కటే. వాసన మనదే కావచ్చు, రేటు మాత్రం బట్టీ ఉన్నవాడిది, ఆ తర్వాత సీసా ఉన్నవాడిది. కోకో చూశాం కదా. 2024లో గింజలు కిలో వెయ్యి దాకా పోయాయి, మరుసటి ఏడాదికి అందులో సగం కూడా రాక రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ రేటు నల్లజర్లలో పుట్టిందీ కాదు, నల్లజర్లలో పడిందీ కాదు. కోకోకి కొనేవాళ్ళు నలుగురైనా ఉన్నారు. సెంటు మొక్కలకి ఒక్కడే ఉంటాడు, వాడూ మొక్కలమ్మినవాడే.

అలాగని వద్దనడం లేదు. ఎవరైనా వస్తే మూడు అడగండి. బట్టీ ఎక్కడుంది, ట్రాక్టరు మీద పోయి రాగలమా? రేటు కాగితం మీద రాసిస్తారా? పోయినేడు ఎవరి దగ్గర కొన్నారు, ఆ రైతు ఊరు చెప్పండి. మూడింటికీ జవాబొస్తేనే, అదీ ముందు పది సెంట్లలో వేయండి. మన పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాదులో సీమ్యాప్ కేంద్రం ఉంది. మొక్కలకి డబ్బు కట్టకముందు ఒక మాట అడిగితే పోయేదేం లేదు. పదిమంది రైతులు సంఘంగా కూడి సొంత బట్టీ పెట్టుకుంటే అప్పుడు లెక్కే వేరు.

అప్పటిదాకా కొబ్బరి చెట్టుకి మిరియాల తీగ పాకించుకోండి. కాపు మొదలవడానికి మూడేళ్ళు పడుతుంది, నిజమే. కానీ ఎండబెడితే పాడవదు, ఏ కిరాణా కొట్టులో అయినా తీసుకుంటారు.

ఆ సీసా మా గూట్లో ఉంది. పెళ్ళిళ్ళకి కొట్టుకుంటున్నాను. మామూలు రోజుల్లో తోటలోకి వెళ్తే చాలు, ఊరికే వస్తుంది.

మీలో ఎవరైనా నిమ్మగడ్డి గానీ, వట్టివేరు గానీ వేసి నిజంగా డబ్బు చూసినవాళ్ళుంటే రాయండి. నేను చెప్పింది తప్పయితే నాకే సంతోషం.