పెనం ముందు ఎవరు నిలబడితే కళ?

వంట ఒక కళ అన్న సంగతి మగవాడు గరిటె పట్టుకుంటేనే తెలుస్తుందా? ఈ ప్రశ్న వేస్తే మా ఇంట్లో "నీకు ప్రతిదీ గొడవే" అంటారు. గొడవే మరి! పెట్టుకోవలసిన గొడవ గనకనే పెట్టుకుంటున్నాను. కాస్త ఓపిగ్గా వినండి.

పోయినేడు మా అబ్బాయి మమ్మల్ని అమెరికా పిలిపించి, గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కించాడు. ఓడంటే ఓడ కాదు, అంతస్తుల మీద అంతస్తులు పేర్చిన ఊరు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినదాన్ని, నాకు అదంతా విడ్డూరమే అనుకోండి. అందులో మామూలు భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది. 'టెప్పన్యాకీ' అనే జపాను హోటలుకు మాత్రం వేరే డబ్బు కట్టాలి, వేళ ముందుగా చెప్పి చోటు రాయించుకోవాలి. టెప్పన్ అంటే ఇనప పలక, యాకీ అంటే కాల్చడం. అంటే ఏమిటన్నమాట? పెనం! మన పెనమే, కాకపోతే బల్లంత వెడల్పు. దాని చుట్టూ మనం కూర్చుంటాం. ఎదురుగా వంటవాడు నిలబడి మన కళ్లముందే వండి వడ్డిస్తాడు.

ఆ అబ్బాయి అట్లకాడలు రెండూ టకటకలాడించాడు. గుడ్డు ఎగరేసి అట్లకాడ అంచుమీదే పగలగొట్టాడు. ఉల్లిపాయ చక్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, నడుమ నీళ్లు చిలకరించి, రైలింజనులాగా ఆవిరి లేపాడు. ఉద్యోగమంతా రైల్వేలోనే చేసిన మావారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన పెనం వైపు చూసి చప్పట్లు కొట్టడం ఈ కాపురంలో నేను చూసింది అదే మొదలు!

ఇదేదో జపాను వాళ్ల పురాతన ఆచారం అనుకునేరు. 1945లో కోబే నగరంలో 'మిసోనో' అనే హోటలు దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. 1964లో హిరోఆకి ఆవోకి అనే ఆయన న్యూయార్కులో 'బెనిహానా' తెరిచి దీన్ని పూర్తి వినోదంగా మార్చాడు. వంటగదిని తెచ్చి భోజనాల గదిలో పెట్టాడు. వండేవాడే వడ్డించేవాడూ, నవ్వించేవాడూ అయ్యాడు. వంటగదికి పోయే స్థలం మిగిలింది, అక్కడ ఇంకో నాలుగు బల్లలు పట్టాయి. 1972లో హార్వర్డు బిజినెస్ స్కూలు ఆ హోటలు మీద ఏకంగా ఓ పాఠమే తయారుచేసింది. చూశారా! పెనాన్ని నలుగురి మధ్యకు తెస్తే వ్యాపార పాఠం, గోడ వెనక ఉంచితే ఇంటిపని.

ఇప్పుడు మా వరంగల్లు వైపు సర్వపిండి సంగతి చూడండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి అంచులకు పల్చగా అద్దాలి. నడుమ వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వెయ్యాలి. మూత పెట్టి సన్నని సెగమీద కాలనివ్వాలి. ఒకటి దింపాక అదే గిన్నెలో వెంటనే రెండోది అద్దుదామంటే చెయ్యి కాలుతుంది. అంచేత గిన్నె చల్లార్చుకోవాలి, లేదా రెండో గిన్నె సిద్ధంగా ఉండాలి. అంటే ఒక కన్ను సెగమీద, ఒక చెయ్యి పిండిలో, ఒక చెవి "ఇంకోటి తే!" అనే కేకమీద. ఇది నేర్పు కాదూ? దీనికి చప్పట్లు కొట్టినవాళ్లను మీరెవరైనా చూశారా? "ఇవాళ కొంచెం మాడింది" అన్నవాళ్లను మాత్రం నేను బోలెడుమందిని చూశాను.

ఆ ఓడలో వంట చేసిన అబ్బాయి మీద నాకు కోపం లేదు సుమండీ. ఇల్లూ వాకిలీ విడిచి నెలల తరబడి సముద్రం మీద బతికే కష్టజీవి. అతని చప్పట్లు అతనికి చెందవలసిందే. నా తగువు చప్పట్లు కొట్టిన చేతులతో. అక్కడ అందరూ చెప్పిన వేళకు ఠంచనుగా వచ్చి కూర్చున్నారు. ఎవరూ "టీవీ దగ్గరికి పట్టుకురా" అనలేదు. ఎవరి ఫోనులో వాళ్లు మునిగిపోలేదు. తినేవాళ్లే పెనం దగ్గరికి వెళ్లారు, పెనం దగ్గరి మనిషిని పరుగెత్తించలేదు. ఇంత మర్యాద తెలిసినవాళ్లు ఇంట్లో దాన్ని ఏ అటకమీద దాస్తున్నారో!

లెక్కలు కావాలంటారా? 2019లో ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్లు ఈ లెక్కలో లేనేలేరు! 2021 జనవరిలో మన కృష్ణాజిల్లా మనిషి జస్టిస్ ఎన్.వి. రమణ సుప్రీంకోర్టు తీర్పులో ఈ అంకెలే ఎత్తి చూపి, గృహిణి పనికి విలువ ఉందని, దానికి లెక్క కట్టాలని రాశారు. ఎంతో సంతోషం. కాని ఆ కేసు ఏమిటి? 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోతే, పిల్లలకు రావలసిన నష్టపరిహారం గురించి. అంటే మనిషి పోయి, పొయ్యి ఆరిపోయాకగాని ఆమె పనికి వెల కట్టే అవసరం ఎవరికీ రాలేదన్నమాట. బతికుండగా ఆ లెక్క ఇంట్లోవాళ్లే చూడకూడదా?

"ఇంటివంటలో ప్రేమ ఉంటుంది, దానికి డబ్బూ చప్పట్లూ ఏమిటి" అంటారు కొందరు పెద్దమనుషులు. ఉంటుందండీ, ఎవరు కాదన్నారు! ప్రేమ ఉన్నచోట ప్రేమించే మనిషి చల్లారిన ఆఖరి అట్టు తినాలని ఏ శాస్త్రంలో ఉంది? అట్లతద్దికి కూడా అట్లు పోసిపోసి నడుము పడిపోయేది మనకే గదా. మీ ప్రేమ కూడా కాస్త పెనం దాకా రానివ్వండి, చూద్దాం.

నేనడిగేది చప్పట్లు కాదు, చోటు. ఓడలమీద వంటంతా కరెంటుతోనే. ఇప్పుడు మన ఇళ్లలోకీ ఇండక్షన్ పొయ్యి వచ్చింది. దాన్ని ఎత్తి భోజనాల బల్లమీద పెట్టండి. బల్ల లేకపోతే హాల్లో చాపమీద పీట వేసి పెట్టండి. చుట్టూ అందరూ కూర్చోండి. మొదటి రెండు అట్లు అమ్మ పోస్తే, తరవాతి రెండు నాన్న, ఆపైన అబ్బాయి, అమ్మాయి. వంకరటింకరగా వచ్చినా పరవాలేదు, పళ్లెంలో పడ్డాక అన్నీ ఒకటే. మొట్టమొదటి వేడి అట్టు మాత్రం పొద్దుటే లేచి పిండి రుబ్బిన మనిషి తినాలి.

మావారికి ఈ పద్ధతి చెప్పాను. "నాకు పొయ్యడం రాదే" అన్నారు. రైలింజను ఆవిరి ఎలా లేస్తుందో తెలిసిన మనిషికి అట్టు ఎప్పుడు తిప్పాలో తెలియకుండా పోతుందా? ఈ ఆదివారం పిండి నేను కలుపుతాను. అట్లకాడ ఆయనది.