ఆగిన కారుకు కరెంటు ఎక్కడిది?

మొన్న సాయంత్రం మా కొత్తపేట సెంటరులో ఒక కారు ఆగి ఉంది. లోపలివాళ్ళు అద్దాలు మూసి, ఏసీ వేసుకుని కూర్చున్నారు. ఇంజను చప్పుడు మాత్రం లేదు. కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే ఇంజను మొదలైంది. కొన్ని నిమిషాలు తిరిగి మళ్ళీ ఆగిపోయింది. పక్కనే కొబ్బరిబొండాం తాగుతున్న తొమ్మిదో తరగతి కుర్రవాడు, "అది హైబ్రిడ్ కారండి మాస్టారూ! నిలబడి ఉండగానే బ్యాటరీ దానంతటదే ఛార్జి అయిపోతుందండి" అన్నాడు.

ఆ "దానంతటదే" అన్న మాటతోనే నాకు పేచీ.

శక్తిని సృష్టించలేమనీ, ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చగలమనీ మీరు పాఠంలో చదువుకున్నారు. మరి ఆగి ఉన్న కారు బ్యాటరీలోకి శక్తి ఎక్కడినుంచి వచ్చింది?

మన డాబాల మీద ఉండే నీళ్ళ ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. కొన్ని ఇళ్ళలో నీరు తగ్గగానే మోటారు తనే నడిచి, ట్యాంకు నిండాక ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అంతమాత్రాన నీళ్ళు ట్యాంకులోనే పుట్టాయని ఎవరైనా అంటారా? అవి బోరులోనుంచి వచ్చాయి. హైబ్రిడ్ కారులో బ్యాటరీ ట్యాంకు వంటిది, ఇంజను మోటారు వంటిది, పెట్రోలు బోరునీరు వంటిది. బ్యాటరీలో ఛార్జి ఒక మట్టానికి తగ్గగానే కారులోని కంప్యూటరు ఇంజనును నడుపుతుంది. ఇంజను జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటు బ్యాటరీలోకి చేరుతుంది.

1997లో జపానులో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్ ఈ తరహా కార్లకు పేరు తెచ్చింది. 2003లో వచ్చిన దాని రెండో తరం కారు బ్యాటరీలో పట్టేది సుమారు 1.3 యూనిట్లు మాత్రమే. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే ఇవి. బ్యాటరీ మన్నాలి కాబట్టి దాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వరు, పూర్తిగా నిండనివ్వరు కూడా. ఏసీ గంటకు ఒక యూనిట్ వాడిందనుకోండి, గంట తిరగకుండానే ఇంజను లేవవలసిందే. టయోటా హైబ్రిడ్లలో గేరు న్యూట్రల్లో ఉంచితే ఈ ఛార్జింగు కూడా జరగదు.

అయితే హైబ్రిడ్ గొప్పతనం ఏమీ లేదా? ఉంది. రావులపాలెం వంతెన దిగి వచ్చే కారుకు బ్రేకు వేస్తే, మామూలు కారులో ఆ గతిశక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్లో చక్రాలే మోటారును జనరేటరులా తిప్పి, అందులో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరుస్తాయి. కాని ఆ లాభం కదిలే కారుకే. ఆగిన చక్రానికి గతిశక్తి ఎక్కడిది?

అందుచేత ఆగి ఉన్నప్పుడు హైబ్రిడ్ చేసే మేలు ఛార్జి చేసుకోవడం కాదు, అవసరం లేనంతసేపు ఇంజనును ఆపివేయడం. ఆ పని చేయడానికి కంప్యూటరు అక్కరలేదు. బడి గేటు దగ్గర మీకోసం ఎదురుచూస్తూ ఇంజను ఆపని నాన్నగారికి మీరు ఒక మాట చెబితే చాలు.

"దానంతటదే" అనే మాట వల్ల డబ్బు నష్టమే కాదు, ప్రాణభయం కూడా ఉంది. చప్పుడు లేదు కదా అని ఆపడం మరచి, మూసిన షెడ్డులో హైబ్రిడ్ కారును వదిలేస్తే, ఇంజను తనే లేచి కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి రంగూ వాసనా లేవు. అమెరికాలో తాళంచెవి తిప్పే పనిలేని కార్లను ఇలా మరచి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇటువంటి కార్లను "తనంతట తానే ఛార్జి అయ్యేది" అని ప్రకటించడం తప్పుదోవ పట్టించడమేనని 2020లో నార్వే ప్రభుత్వపు వినియోగదారుల సంస్థ అభ్యంతరం చెప్పింది. పెట్రోలుకు డబ్బు కట్టేది కొన్నవాడే కదా!

ఏ యంత్రమైనా ఊరికే పనిచేస్తుందని ఎవరైనా చెబితే, మీరు నమ్మేముందు ఒక్క ప్రశ్న వేయండి: "శక్తి ఎక్కడినుంచి వస్తోందండీ?"