మన సీమవాడు పైడి జైరాజు

సినిమా యన్నంతనే మన యిండ్లలో రెండు పక్షము లేర్పడును. పిల్లలు దానిని శ్రమలేని సిరి యందురు; తలిదండ్రులు చెడుత్రోవ యందురు. ఈ రెండు తలంపులును తొందరపాటుతో గూడినవని నా యభిప్రాయము. ఇందుకు నిదర్శనము మన యెల్లంతకుంటకు చేరువనున్న కరీంనగరమునందే కలదు.

పైడి జైరాజుగారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1929లో బొంబాయి చేరిరి. అప్పటికి మన దేశపు చిత్రములకు మాటలు రాలేదు. ముఖకవళికలును, అంగవిన్యాసమును మాత్రమే నటుని సాధనములు. ఆ మూకీలలోనే ఆయన నటన మొదలాయెను. 1931లో ‘ఆలం ఆరా’తో తెర మాటలాడ నారంభించెను. రూపముండియు పలుకు కుదురని నటులకు అది గడ్డుకాలము. జైరాజుగారు మాత్రము టాకీలలోను నిలిచిరి. నిజాం రాజ్యమున కచ్చేరులలో ఉర్దూ చెల్లుచుండెడిది. ఆ సీమలో పెరుగుట హిందీ చిత్రములలో ఆయనకు ఎంతయో తోడ్పడి యుండునని నేను తలంచెదను. బాల్యమున చెవిబడిన యే భాషయు వ్యర్థము కాదు.

1945లో ‘ప్రతిమ’ యను చిత్రమునకు ఆయన దర్శకత్వము వహించిరి. దిలీప్ కుమార్‌గారు తొలినాళ్లలో నటించిన చిత్రములలో నది యొకటి. అమర్ సింగ్ రాథోడ్‌గాను, 1959లో టిప్పు సుల్తాన్‌గాను వీరవేషములు ధరించిరి. వయసు మీరిన పిమ్మట చిన్న వేషములకును వెనుదీయలేదు. 1978 నాటి ‘డాన్’ చిత్రమున ఆయనను చూడవచ్చును. ఒకనాడు నాయకుడై వెలిగినవాడు మరొకని ప్రక్కన నిలుచుటకు ఎంతటి వినయము కావలయునో పాఠకులే యోచింతురు గాక. 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. 2000వ సంవత్సరము ఆగస్టు 11న ముంబయిలో కన్నుమూసిరి.

తలిదండ్రులారా, బిడ్డ నటించెదనన్నచో కోపింపకుడు. తలాంతును మంటిలో పాతిపెట్టిన దాసుని కథ మనమందర మెరిగినదే గదా! అయితే, చదువు ముగించి, ఓర్పు నేర్చి పొమ్మని చెప్పుడు. విద్యార్థులారా, మీరు నేటి తారల పుట్టినదినములు తడబడక చెప్పుదురు. మన పొరుగూర బుట్టిన యీ పెద్ద పేరడిగినచో మౌనము వహింతురు. తెరమీది వెలుగును మాత్రమే చూచి మురియువారికి, కాలము మారినప్పుడెల్ల క్రొత్తపని నేర్చుకొనుచు వచ్చిన యీయన జీవితము మంచి పాఠము.

వచ్చు సెప్టెంబరు 28న మన బడిలో ఒక పావుగంట జైరాజుగారి చరిత్ర చెప్పుకొందము. అందువలన పాఠములకు లోపము రాదు. పిల్లలకు మాత్రము తమ సీమపై గౌరవము కలుగును.