కావలివానికి జీతమెంత?

కళాశాలలు తెరిచే రోజులలో మధ్యతరగతి ఇండ్లలోనికి క్రొత్త కంప్యూటర్లు ప్రవేశిస్తాయి. నెలల తరబడి పొదుపు చేసిన సొమ్ముతోనో, బ్యాంకు వాయిదాల పద్ధతి మీదనో తండ్రి కుమార్తె చదువు కోసం ఒక ల్యాప్‌టాప్ కొంటాడు. బిల్లు వ్రాస్తూ దుకాణదారు చివరగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "యాంటీవైరస్ కూడా వేయమంటారా సార్?" అప్పటికే జేబు ఖాళీ అయిన ఆ తండ్రి తటపటాయిస్తాడు. ప్రక్కనున్న మేనల్లుడు, "ఎందుకు మామయ్యా, అది ఉచితంగానే దొరుకుతుంది" అంటాడు. "ఉచితానికి గ్యారంటీ ఉండదు సార్" అని దుకాణదారు హెచ్చరిస్తాడు. ఇద్దరి మాటలలోను కొంత సత్యం ఉన్నది. అయితే ఇద్దరూ చెప్పకుండా వదిలినది అంతకంటె ఎక్కువ ఉన్నది.

ప్రశ్న చిన్నదే అయినా దాని వెనుకనున్న ఆస్తి చిన్నది కాదు. పిల్లల మార్కుల పత్రాలు, ఆధార్, పాన్ కార్డుల ప్రతులు, ఇంటి దస్తావేజుల నకళ్ళు, బ్యాంకు వ్యవహారాలు, గతించిన పెద్దల ఛాయాచిత్రాలు - ఒకప్పుడు ఇనుప పెట్టెలో భద్రపరచుకొన్న వాటిలో సగం నేడు కంప్యూటరులోనికి చేరినవి. ఆ పెట్టెకు ఎటువంటి కావలివానిని పెట్టవలెను? జీతమిచ్చి పెట్టుకొనవలెనా, జీతం అడగనివాడు చాలునా?

దీనికి సమాధానం వెదకుటకు ముందు దొంగ ఎవరో తెలియవలెను. తనను తాను నకలు చేసుకొంటూ ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ప్రాకే ప్రోగ్రామునే వైరస్ అంటారు. ఐబీఎం తరహా వ్యక్తిగత కంప్యూటర్లలో వ్యాపించిన తొలి వైరస్ మన ఉపఖండంలోనే పుట్టినది. 1986లో లాహోరు నగరవాసులైన బాసిత్, అమ్జద్ ఫారూఖ్ ఆల్వీ అను సోదరులు 'బ్రెయిన్' అను ప్రోగ్రామును వ్రాసినారు. తమ సాఫ్ట్‌వేరును అనుమతి లేకుండా నకలు తీసుకొనువారిని పట్టుకొనుటయే తమ ఉద్దేశమని వారు చెప్పినారు. అందులో తమ పేర్లతోబాటు దుకాణం చిరునామాను, టెలిఫోను నంబర్లను కూడా చేర్చినారు. ఫ్లాపీ డిస్కులనెక్కి అది సముద్రాలు దాటి అమెరికా చేరినది. నాటి వైరస్ తన చిరునామా తానే చెప్పుకొన్నది. నేటివి డబ్బు కొరకు పుట్టినవి. చిరునామా చెప్పవు, చడీచప్పుడు చేయవు. రహస్య సంకేతాలను దొంగిలించునవి కొన్ని, ఫైళ్ళకు తాళం వేసి విడుదలకు సొమ్ము అడుగునవి మరికొన్ని. ఈ రెండవ రకానికే రాన్సమ్‌వేర్ అని పేరు.

దొంగలు పెరిగిన కొలది కావలివారి వృత్తియు పెరిగినది. మన దేశంలోనే ఈ వృత్తికి ముప్పది ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. చెన్నైలో కే7 సంస్థ వెలసినది. పూణేలో కాలిక్యులేటర్లు మరమ్మతు చేయు దుకాణంతో జీవితం ప్రారంభించిన కైలాస్ కాట్కర్, ప్రోగ్రాములు వ్రాయు తమ్ముడు సంజయ్‌తో కలసి క్విక్ హీల్ సంస్థను నిర్మించినారు.

యాంటీవైరస్ పనిచేయు విధానం పోలీసు ఠాణా వ్యవహారాన్ని పోలి ఉంటుంది. పాత నేరస్థుల వేలిముద్రల వలె, తెలిసిన వైరస్‌ల గుర్తులు దానివద్ద ఉంటాయి. కంప్యూటరులోనికి వచ్చే ప్రతి ఫైలును ఆ గుర్తులతో పోల్చి చూస్తుంది. ముద్రలు దొరకని క్రొత్త దొంగను నడవడిని బట్టి అనుమానిస్తుంది. ఉన్నట్టుండి వందల ఫైళ్ళను మార్చబోవు ప్రోగ్రామును నిలదీస్తుంది. అయితే ఈ విద్యకు ఒక హద్దు ఉన్నది. ప్రతి వైరస్‌ను తప్పక పట్టగల, నిర్దోషిని ఎన్నడూ దోషిగా పొరబడని ప్రోగ్రామును వ్రాయుట అసాధ్యమని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కోహెన్ 1980ల దశకంలోనే తర్కబద్ధంగా నిరూపించినాడు. కనుక 'నూటికి నూరుపాళ్ళ రక్షణ' అను మాట పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసినా అది ప్రకటనయే కాని ప్రమాణం కాదు. వేయి రూపాయలు పోసినా ఆ హద్దు చెరగదు.

ఇక ఉచితమన్న మాటను పరిశీలించవలెను. ఆ ఒక్క మాట చాటున మూడు వేర్వేరు వస్తువులు ఉన్నవి.

మొదటిది కంప్యూటరుతోబాటే వచ్చునది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2009లో ఒక ఉచిత యాంటీవైరస్‌ను విడుదల చేసి, 2012లో వచ్చిన విండోస్ 8 నుండి 'డిఫెండర్' పేరుతో దానిని విండోస్‌లోనే అంతర్భాగం చేసినది. ప్రారంభంలో దీనికి మంచి పేరు లేదు. కాలక్రమాన పరిస్థితి మారినది. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరంలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపారెటివ్స్ అను పరీక్షా సంస్థలు ఉన్నవి. అవి వేర్వేరు యాంటీవైరస్‌లను ఒకే గీటురాయిపై గీసి చూచి ఫలితాలను ప్రకటిస్తాయి. రక్షణ, యంత్రపు వేగం, వాడకంలో చిక్కులు అను మూడు అంశాలలో ఒక్కొక్కదానికి ఆరేసి మార్కులు ఇచ్చే ఏవీ-టెస్ట్ పరీక్షలో ఇటీవలి సంవత్సరాలలో డిఫెండర్ పూర్తి మార్కులను పలుమార్లు సాధించినది. వెల చెల్లించి కొనే వాటిలో మేలైనవి కూడా అక్కడే, ఆ స్థాయిలోనే నిలుస్తున్నవి. సామాన్య గృహస్థునికి ఈ సంగతి తెలిసిన చాలును. దుకాణదారు హెచ్చరికలో సగం బలం తగ్గిపోతుంది.

రెండవది ఇతర సంస్థలు ఉచితంగా ఇచ్చునది. వీటిలో మంచివి లేకపోలేదు. కాని జీతం తీసుకొననివాడు దేనితో బ్రతుకుచున్నాడో అడిగి తెలిసికొనుట వివేకం. అనేక సంస్థలు ఉచిత ప్రతిని ఎరగా చూపి, పదే పదే ప్రకటనలు పంపి పూర్తి ప్రతిని కొనిపించుకొంటాయి. అది వ్యాపారం, తప్పు పట్టనక్కరలేదు. అంతకు మించిన ఉదంతం ఒకటి ఉన్నది. ప్రపంచమంతటా కోట్లమంది వాడే అవాస్ట్ సంస్థ, తన ఉత్పత్తుల ద్వారా సేకరించిన వినియోగదారుల ఇంటర్నెట్ సంచార వివరాలను జంప్‌షాట్ అను అనుబంధ సంస్థ ద్వారా విక్రయించినట్లు 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టినవి. జంప్‌షాట్ మూతపడినది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారంలో 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించవలెనని నిర్ణయించి, అటువంటి వివరాలను ప్రకటనల నిమిత్తం అమ్మరాదని కట్టడి చేసినది. ఇంటికి కాపుండవలసినవాడు ఇంటి కబుర్లు బజారులో అమ్ముకొనుట అనగా ఇదియే.

మూడవది అన్నింటికంటె ప్రమాదకరమైనది. వెలగల యాంటీవైరస్‌ను 'క్రాక్' చేసి ఉచితంగా పంచే దొంగ ప్రతి ఇది. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చినదైనా, ఎక్కడనుండో దించుకొన్నదైనా, దానిని స్థాపించుటకు ముందు ఉన్న రక్షణను ఆపివేయుమని అది తరచుగా అడుగుతుంది. దొంగతనంగా వచ్చిన కావలివానికి తాళపు చెవులు అప్పగించుట వంటి పని అది. ఈ మార్గాన్ని ఎవరూ త్రొక్కరాదు.

అయితే డబ్బు పెట్టి కొనుట వృథాయేనా? కాదు. అయిదారు ఫోన్లు, కంప్యూటర్లు ఉన్న ఉమ్మడి కుటుంబానికి అన్నింటిని ఒక్కచోటనుండి చూచుకొను సౌకర్యం కావలెను. ఇంటి నుండే చిన్న వ్యాపారం నడుపుచు ఖాతాదారుల లెక్కలు దాచువారికి అదనపు కాపు అవసరం. కుమారుడు అమెరికాలోను, తల్లిదండ్రులు విజయవాడలోను ఉన్న ఇండ్లలో చిక్కు వచ్చినప్పుడు ఫోనులో మాట్లాడి సాయపడే మనిషి విలువైనవాడు. డబ్బు పుచ్చుకొను సంస్థ ఇవ్వగలిగినది ముఖ్యంగా ఇటువంటి సేవయే. ఆ సేవ అక్కరకు వచ్చువారు నిస్సంకోచంగా కొనవచ్చును. అక్కర లేనివారు భయానికి లొంగి కొనవలసిన పని లేదు.

కొనువారు కొన్ని విషయాలను గమనింపవలెను. మొదటి సంవత్సరపు తగ్గింపు ధరను చూచి మురియక, రెండవ సంవత్సరం ఎంత వసూలు చేస్తారో ముందే చూడవలెను. గడువు తీరగానే ఖాతా నుండి సొమ్ము దానంతట అదే పోయే ఏర్పాటు ఉన్నదేమో విచారించవలెను. ఒకే యంత్రంలో రెండు యాంటీవైరస్‌లను పెట్టరాదు. అవి ఒకదానినొకటి అనుమానించి యంత్రాన్ని నెమ్మది చేస్తాయి. క్రొత్త కంప్యూటరుతో కొన్నాళ్ళకని ఉచితంగా వచ్చిన ప్రతిని గడువు తీరిన తరువాత అట్లే వదలివేయుట చాలామంది చేయు పొరపాటు. నవీకరణ లేని యాంటీవైరస్ నిన్నటి దొంగలను మాత్రమే ఎరిగి ఉంటుంది. కొనసాగింపదలచనిచో దానిని పూర్తిగా తొలగించి, డిఫెండర్ తిరిగి మేలుకొన్నదో లేదో సరిచూచుకొనవలెను.

ఇంతకంటె ముఖ్యమైన పాఠాన్ని 2017 సంవత్సరం నేర్పినది. ఆ ఏడాది మే 12న 'వాన్నాక్రై' అను రాన్సమ్‌వేర్ కొద్ది గంటలలో అనేక దేశాలకు ప్రాకినది. బ్రిటనులో ఆసుపత్రుల పని స్తంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు సైతం తాళాలు పడినవి. తాళం తీయుటకు మూడువందల డాలర్లు అడిగినారు. అది ప్రవేశించిన లోపాన్ని పూడ్చు నవీకరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అనగా రెండు నెలల ముందే, ఉచితంగా విడుదల చేసి ఉన్నది. వేసుకొన్నవారి ఇంటికి ఆ ద్వారం మూసుకొన్నది. 'తరువాత చూతము' అని మీట నొక్కినవారికి తెరిచే ఉన్నది. మన ఇండ్లలో నేటికీ ఎన్నో యంత్రాలు విండోస్ 10తో నడుచుచున్నవి. పరిమిత కాలపు పొడిగింపు పథకంలో చేరినవారికి తప్ప, 2025 అక్టోబరు 14తో దాని భద్రతా నవీకరణలు నిలిచిపోయినవి. అటువంటి యంత్రానికి ఎంత ఖరీదైన యాంటీవైరస్ తగిలించినా, గోడకు కన్నం ఉంచి గుమ్మానికి కాపు పెట్టినట్లే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ రంగంలో ఇంటిదొంగ మన తొందరపాటే. తెరమీద అకస్మాత్తుగా 'మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, ఈ నంబరుకు ఫోను చేయండి' అని కనిపించగానే ఫోను చేసి, అపరిచితునికి యంత్రాన్ని అప్పగించువారు ఉన్నారు. పోలీసులమని బెదిరించి 'డిజిటల్ అరెస్టు' చేసితిమనువారికి జీవితకాలపు పొదుపును పంపినవారు ఉన్నారు. యజమాని స్వయంగా తలుపు తెరిచి లోనికి పిలిచిన వానిని ఏ కావలివాడు ఆపగలడు? మోసం జరిగినచో క్షణం ఆలస్యం చేయక 1930కి ఫోను చేయవలెను. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా వైరస్ తొలగించు సాధనాలు ఉచితంగా లభిస్తున్నవన్న సంగతి కూడా తెలిసి ఉండుట మేలు.

ఇన్ని జాగ్రత్తలను దాటి దొంగ లోనికి రావచ్చును. అప్పుడు ఆదుకొనునది ఒక్కటే: ముఖ్యమైన ఫైళ్ళకు మరొకచోట ఉన్న నకలు. ఒక బయటి హార్డ్ డిస్కుపై వారానికో, నెలకో నకలు తీసుకొని, పని ముగియగానే దానిని కంప్యూటరు నుండి వేరుచేసి బీరువాలో పెట్టవలెను. తగిలించి ఉంచినచో రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనం లేదు.

కనుక దుకాణంలో తటపటాయించుచున్న ఆ తండ్రికి చెప్పదగిన సలహా ఇది. యంత్రంతో వచ్చిన రక్షణను మేలుకొలిపి ఉంచవలెను. నవీకరణలను వాయిదా వేయరాదు. యాంటీవైరస్‌కు కేటాయింపదలచిన సొమ్ముతో ముందు నకలు తీయుటకు ఒక డిస్కు కొనవలెను. ఆ పైన ఇంటి అవసరం కోరినచో వెల పెట్టి అదనపు కాపును తెచ్చుకొనవచ్చును. కావలివాని జీతం ఎంతైనా, రాత్రి తలుపు గడియ వేయవలసినది మాత్రం ఇంటివారే.