స్లాషర్ బోల్టు తెగింది, గంట ఎవరి లెక్కలో?

నూజివీడు చుట్టుపక్కల మామిడి రైతులకు, ట్రాక్టరు యజమానులకు, డ్రైవరు తమ్ముళ్లకు విజ్ఞప్తి

బంగినపల్లి, రసాల కోతలు అయిపోయాయి. నాలుగు వానలు పడ్డాయో లేదో, తోటల్లో గడ్డి మోకాళ్లు దాటింది. ఇక స్లాషర్లకు తీరిక ఉండదు. దానితోపాటే ఏటా ఉండే పంచాయితీ కూడా మొదలవుతుంది. చెట్ల మధ్యలో టప్పుమని షేర్ బోల్టు తెగుతుంది. డ్రైవరు దిగుతాడు, రైతు గడియారం చూస్తాడు. "మీ బండి ఆగితే గంట నేనెందుకు కట్టాలి?" అని ఆయన. "మీ తోటలో మొద్దులుంటే మేమేం చేస్తామండీ?" అని ఇతను. ఈ గోల పడలేక డ్రైవరు పెట్టెలో చేతికందిన గట్టి బోల్టు బిగించి బండి కదిలిస్తాడు. అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

బోరు మోటారుకు ఫ్యూజు ఊరికే పోతోందని నాలుగు పోగులు మెలేసి కట్టినవాళ్లం మనమే. ఫ్యూజు నిలిచింది, మోటారు కాలింది. షేర్ బోల్టు స్లాషర్‌కు ఫ్యూజు లాంటిది. బ్లేడు మొద్దుకు తగిలినప్పుడు అది తెగి గేర్ బాక్సును, పీటీఓను కాపాడాలి. తెగడానికే దాన్ని పెట్టారు.

ఈ మాట నాకు తెలియక కాదు, అయినా ఒకసారి తప్పు చేశాను. పొద్దున రెండు బోల్టులు పోయేసరికి విసుగొచ్చి, తల మీద 8.8 అని ఉన్నది వేశాను. మా యంత్రానికి కావలసింది 4.6. మొదటి అంకె లాగుడు బలం చెబుతుంది. 4 ఉన్నచోట 8 వేస్తే బలం రెట్టింపన్నమాట. సాయంత్రం గడ్డిలో వేప మొద్దు తగిలింది. బోల్టు చెక్కుచెదరలేదు, గేరు పళ్లు రాలాయి. బోల్టు ఖరీదు టీ డబ్బులు, గేర్ బాక్సు ఖరీదు చెప్పుకుంటే సిగ్గు. అన్ని యంత్రాలకూ 4.6 అనుకోకండి, కొన్ని కంపెనీలు 8.8 వేయమనే చెబుతాయి. మీ యంత్రం పుస్తకంలో ఏముందో అదే. మేకులు, రాడ్డు ముక్కలు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు.

సరైన బోల్టు వేసినా రోజుకు మూడు తెగుతున్నాయా? అయితే తెగిన ముక్క పారేయకండి, అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒకే దెబ్బకు తెగినదైతే ఒళ్లంతా బాగానే ఉండి, తెగినచోట మాత్రం కొత్త ఇనుము కనబడుతుంది. రోజుల తరబడి నలిగినదైతే పక్కన గాడిలా, మెట్టులా అరుగుదల ఉంటుంది. అంటే షాఫ్టు కొసన బోల్టు దూరే బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయింది, లేదా నట్టు వదులైంది. ఆ సందులో బోల్టు క్షణక్షణం సుత్తి దెబ్బ తింటోంది. ఆ బెజ్జాన్ని లేత్ షాపులో సరిచేయించాలి, లేదా ఆ ముక్కే మార్చాలి. పొడుగంతా మర ఉన్న బోల్టూ అంతే. పది మిల్లీమీటర్ల బోల్టుకు కోత మర మీద పడితే పావు వంతు బలం పోయినట్టే. కోత పడేచోట నున్నటి ఒళ్లు ఉండాలి.

డ్రైవరు తమ్ముళ్లూ, ఒక్కటి మీ చేతిలో ఉంది. రేసు పెంచి ఉంచి పీటీఓ వేయకండి. ఆగి ఉన్న అంత బరువైన బ్లేడ్లను ఒక్క కుదుపులో తిప్పాలంటే ఆ దెబ్బంతా బోల్టు మీదే. ఇంజను నిదానంగా ఉన్నప్పుడు పీటీఓ వేసి, బ్లేడ్లు అందుకున్నాక 540కి తీసుకెళ్లండి. బ్లేడు తన పిన్ను మీద వెనక్కి ఊగగలిగితే సగం దెబ్బ అక్కడే తేలిపోతుంది. గడ్డి, బురద పట్టి బిగుసుకుపోతే ఊగదు. చూసేటప్పుడు ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, స్లాషర్ కింద మొద్దులు పెట్టాకే చెయ్యి పెట్టండి. హైడ్రాలిక్‌ను నమ్మకండి. 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. షాఫ్టుకు లుంగీ అంచు తగిలితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ప్లాస్టిక్ తొడుగు పోయిన షాఫ్టుతో పని ఒప్పుకోకండి.

ఇప్పుడు గంట సంగతి. ఈ సీజను నుంచి ఊరంతా ఒకే మాట మీద ఉందామని అడుగుతున్నాం. స్లాషర్ వచ్చే ముందురోజు రైతు తోటంతా ఒకసారి నడవాలి. మొద్దు, రాయి, చెదపుట్ట ఉన్నచోట కర్ర పాతి గుడ్డ కట్టాలి. డ్రిప్పు పైపులు, కొట్టేసిన కొమ్మలు చెట్టు మొదట్లోకి లాగాలి. అలా చేసిన తోటలో బోల్టు తెగితే ఆ సమయం బండి యజమానిది. "నడవలేదు, కానిచ్చెయ్" అన్న తోటలో తెగితే రైతుది. కానీ ముక్క మీద మెట్టు పడి ఉంటే, తోట ఎలా ఉన్నా నష్టం యజమానిదే, బెజ్జం ఆయనదే కాబట్టి. యజమాని తన వంతుగా పుస్తకంలో చెప్పిన బోల్టులు, నట్లతో సహా, ఒక డబ్బా బండిలో ఉంచాలి. గట్టి బోల్టు వేయమని డ్రైవరును రైతూ అడగకూడదు, యజమానీ అడగకూడదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి రచ్చబండ దగ్గరికి మీ స్లాషర్లు తీసుకురండి. గ్రీజు గన్ను మా దగ్గర ఉంది. నిరుడు తెగిన ముక్కలు డబ్బాల్లో ఉంటే అవీ పట్టుకురండి.

ఇట్లు,
మీలాగే ఈ ఊళ్లో బండి తిప్పుకునే ఒక యజమాని