సంఘము ఫోను ఎవరి జేబులో ఉండవలెను?



మీ ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము ఫోను నంబరు చెప్పుమని ఎవరైన అడిగినచో మీరేమి చెప్పుదురు? సీఈఓ గారి సెల్ నంబరో, గోదాము చూచు కుర్రవాని నంబరో చెప్పుదురు. ఆ సీఈఓ గారు మరియొక సంఘమునకు మారిననాడు సంఘపు నంబరు కూడ ఆయన జేబులోనే వెడలిపోవును. ఆయన బ్యాంకు పనిమీద కొత్తగూడెము పోయిననాడు సంఘమునకు చెవి లేదు, నోరు లేదు. ఇంతమంది సభ్యులుగల సంస్థ ఒక మనిషి జేబులోని సిమ్ముపై ఆధారపడి ఉండుట నాకు సమంజసముగ తోచదు.

పూర్వము సంఘపు బల్లపై ఒక ల్యాండులైను ఫోను ఉండెడిది. భద్రాచలము ప్రాంతమునకు 08743 అను కోడు. రాగి తీగెలు తెగుటయు, రోడ్ల వెడల్పులో కేబుళ్లు పోవుటయు, సెల్ ఫోనులు చేతికి వచ్చుటయు కలిసి ఆ ఫోనులలో పెక్కు మూలబడినవి. వాని స్థానమున కార్యాలయపు నంబరు రాలేదు, మనుష్యుల నంబర్లు వచ్చినవి. ఇంటర్నెట్టు లైను మీదుగా మాటలాడు పద్ధతి ఆ పోయిన నంబరును మరల బల్లపైకి తేగలదని నా అభిప్రాయము. సహకార సంఘములే కాదు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, ఎరువుల దుకాణదారులు, మిర్చి కమిషను వ్యాపారులు, కోల్డు స్టోరేజీల వారు కూడ దీనిని ఆలోచింపవలెను. ఐతే ఒక షరతు కలదు. దానిని ముందు ముందు చెప్పుదును.

మన ప్రాంతములో ఫోను తీయకపోవుట చిన్న విషయము కాదు. ఖమ్మము నుండి భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వైపు అడవి అంచు గూడెముల నుండి వచ్చు రైతుకు ఒక ప్రయాణమనగా ఒక దినము కూలి, పైగా ఆటో ఖర్చు. 2025 వానాకాలములో యూరియా కొరకు సంఘముల ముందు తెల్లవారకమునుపే బారులు తీరి, తమ వంతుకు గుర్తుగా చెప్పులను వరుసలో పెట్టిన సంగతి మీరెరుగుదురు. ఆ బారులలో నిలిచినవారికి ఎరువు కంటె ముందు కావలసినది ఒక్క సమాచారము: ఈ దినము లారీ వచ్చునా, రాదా? ఫోనులో ఆ మాట చెప్పినంత మాత్రమున యూరియా పెరగదు, నిజమే. కాని రాని లారీ కొరకు ఇరువది మైళ్లు వచ్చి, మరల ఇరువది మైళ్లు పోవు బాధ తప్పును.

మిర్చి సంగతి తీసికొనుడు. ఖమ్మము మార్కెట్టులో ఉదయము జెండా పాట ఎంత పలికెనో, కోల్డు స్టోరేజీలో చోటున్నదో లేదో తెలియక బస్తాలు బండికెత్తిన రైతు యార్డులో రాత్రి గడుపవలసివచ్చును. ఆయిలు పామ్ రైతుకు తొందర ఇంకను ఎక్కువ. గెల కోసిన 24 గంటలలో మిల్లుకు చేరినచో నూనె నాణ్యముగ నుండును. ఆలస్యమైనకొలది నూనెలో ఆమ్లము పెరిగి విలువ తగ్గును. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు గెలలు తోలువారు గేటువద్ద ఎన్ని ట్రాక్టర్లున్నవో తెలిసికొని కోత మొదలుపెట్టగలిగిన ఎంత మేలు!

ఇక ఈ పద్ధతి ఏమిటో చూతము. పాత టెలిఫోను లైను ఒక్క పొలమునకే తీసిన పిల్లకాలువ వంటిది. ఇద్దరు మాటలాడుచున్నంతసేపు ఆ త్రోవ వారిదే, మూడవవానికి అందులో నీరు పారదు. ఇంటర్నెట్టు పద్ధతిలో మాటను చిన్న చిన్న ముక్కలుగ చేసి, ఒక్కొక్క దానికి వరుస సంఖ్య వేసి పంపుదురు. సాధారణముగ సెకనుకు 50 ముక్కలు. లారీలో వేరువేరు రైతుల బస్తాలు ఒకే రోడ్డుపై పోయి, గుర్తునుబట్టి ఎవరివి వారికి చేరినట్లు, ఒకే లైనుపై పదిమంది మాటలు కలిసి పోయి, అవతల మరల వరుసగ కూర్చబడును. ఒక సంభాషణకు అటునిటు సెకనుకు ఇంచుమించు 90 కిలోబిట్లు చాలును. పది సంభాషణలు ఒక్కసారిగ జరిగినను ఒక మెగాబిట్టు దాటదు. కంప్యూటర్ల కొరకు సంఘములో ఇదివరకే పెట్టించిన ఫైబరు లైనుకు ఇది బరువు కాదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో 63,000 సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్రము 2022 జూనులో ఆమోదించినది. కంప్యూటరు ఉన్నచోటికి ఇంటర్నెట్టు ఎట్లును రావలెను. మాట దానిపైననే పోవును.

ఇదేమో వింత అనుకొనవలదు. 4జి టవరుపై మీరు మాటలాడు మాట కూడ ఇట్లే ముక్కలై పోవుచున్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైనప్పటి నుండి మన దేశములో కోట్లమంది తమకు తెలియకయే ఈ పద్ధతిలో మాటలాడుచున్నారు. తెలంగాణలో 2024 మార్చిలో రైతు నేస్తము పేర రైతు వేదికలలో మొదలుపెట్టిన వీడియో సమావేశములలో శాస్త్రవేత్తల మాట వినబడినదియు ఇంటర్నెట్టు మీదుగనే.

"వాట్సాపు ఉన్నది కదా, వేరే ఫోనెందులకు?" అని కొందరు అడుగుచుందురు. వాట్సాపు కాలు చేయుటకు అవతలివారి వద్ద కూడ స్మార్టు ఫోను, డేటా ఉండవలెను. మన గూడెములలో బటనుల ఫోను వాడువారు ఇంకను ఎందరో కలరు. కార్యాలయమునకు తీసికొనదగినది సాధారణ నంబరుగల ఇంటర్నెట్టు ఫోను. దానికి ఎవరైనను, ఎట్టి ఫోను నుండియైనను, ఎప్పటివలెనే డయలు చేయవచ్చును. మార్పు కార్యాలయములోనే గాని రైతు చేతిలో కాదు. ఇది మరువరాదు. రైతు చేతిలోని ఫోను మార్చవలసివచ్చు ఏ పథకమునైనను నేను అనుమానముతోనే చూతును.

లాభములలో నాకు ముఖ్యముగ తోచునది మొదటనే చెప్పితిని: నంబరు సంస్థదగును. సీఈఓలు మారినను, పాలకవర్గములు మారినను పాసుబుక్కుపై వ్రాసిన నంబరు అదే. రెండవది, ఒకే నంబరుకు ముగ్గురు నలుగురు ఒక్కసారి చేసినను బిజీ అని రాక, కార్యాలయములో ఒకటి, గోదాములో ఒకటి, ధాన్యము కొనుగోలు కేంద్రములో ఒకటి మ్రోగును. ఆ మూడు ఫోనులు తమలో తాము మాటలాడుకొనుటకు చార్జీ లేదు. ఎత్తని ఫోనుల జాబితా కంప్యూటరులో మిగిలియుండును. సాయంకాలము దానిని చూచి తిరిగి ఫోను చేయుట గుమాస్తా పనిలో భాగము కావలెను. ఎవరు ఎత్తలేదో అధ్యక్షులవారికి కూడ తెలియును గనుక కొందరికి ఈ సదుపాయము అంతగా రుచింపకపోవచ్చును.

సంభాషణను రికార్డు చేయు వీలుకూడ కలదు. ఫోనులో చెప్పిన ధర ఒకటి, కాటా వద్ద చెప్పిన ధర ఒకటి అను తగవులు మిర్చి వ్యాపారములో ఎరుగనివి కావు. రికార్డు చేయుచున్నట్లు మాటకు ముందే అవతలివారికి తెలియజేయవలెను. ఎన్ని దినములు ఉంచుదురో, ఎవరు వినవచ్చునో తీర్మానము వ్రాసికొనవలెను. అది లేకుండ రికార్డు చేయుట తగదు.

నాకు మిక్కిలి ఆశ కలిగించునది మాత్రము భాష. ఫోను చేసిన వెంటనే "తెలుగునకు ఒకటి, కోయ భాషకు రెండు" అని వినిపించి, ఆనాటి ఎరువుల నిల్వ, విత్తనముల రాక, కొనుగోలు కేంద్రపు వేళలు గూడెపు భాషలోనే చెప్పవచ్చును. కోయ భాష మాటలాడు చదువుకొన్న యువకుడెవరైన ఉదయము రెండు నిమిషములు చెప్పి రికార్డు చేసిన చాలును. మన సరిహద్దునకు అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఈ దారి చూపినది. అడవి గ్రామమువారు ఒక నంబరుకు ఫోను చేసి తమ ఊరి బాధను తమ మాటలోనే రికార్డు చేయుదురు, ఇతరులు ఫోనులోనే విందురు. చదువు రానివారికి కాగితము కంటె ఫోను దగ్గరి చుట్టమని అక్కడ తేలినది. ఐతే "మూడు నొక్కుడు, నాలుగు నొక్కుడు" అని ముసలి రైతును త్రిప్పి త్రిప్పి చంపరాదు. ఒక్క మెట్టు దాటగనే మనిషి పలుకవలెను.

ఇప్పుడు షరతు. పాత ల్యాండులైనుకు కరెంటు ఎక్స్చేంజి నుండియే, 48 వోల్టుల బ్యాటరీల ద్వారా, ఆ రాగి తీగెలోనే వచ్చెడిది. ఊరిలో కరెంటు పోయినను ఫోను పలికెడిది. ఫైబరు తీగె గాజు, అందులో కరెంటు రాదు. కార్యాలయములో కరెంటు పోయిన మోడెము ఆరును, మోడెము ఆరిన ఫోను మూగబోవును. గాలివానకు చెట్టు కొమ్మ పడి ఒక పూటంత కరెంటు లేని దినములు అడవి అంచున ఎన్నో. కావున బ్యాటరీ లేనిదే ఈ ఫోను పెట్టించుట వ్యర్థము. లెక్క సులభము. మోడెము, ఫోను యంత్రము కలిసి ఇంచుమించు 20 వాట్లు తినును. 12 వోల్టుల 7 ఆంపియరు గంటల చిన్న బ్యాటరీ మూడు గంటలకు మించి నిలువదు. 150 ఆంపియరు గంటల ఇన్వర్టరు బ్యాటరీని సగము పైచిలుకు వాడినను ఈ ఒక్క పనికి రెండు దినములు వచ్చును. కాని దానికే ఫ్యానులు, కంప్యూటర్లు, ప్రింటరు తగిలించిన కొద్ది గంటలలో ఖాళీ. ఫోనుకు వేరుగ ఒక బ్యాటరీ పెట్టుడు. ఫ్యాను లేక గంట కూర్చుండగలము.

ఫైబరు తెగిన సంగతి యేమి? ఇక్కడ పాత లైనుకంటె కొత్తది మేలు. రాగి తీగె తెగిన నంబరే చచ్చెడిది. ఇప్పుడు నంబరు కంపెనీవారి యంత్రములో ఉండును గనుక, కార్యాలయము పలుకనప్పుడు దానంతట అదే ఫలానా సెల్ ఫోనుకు పోవునట్లు ముందుగ ఏర్పాటు చేసికొనవచ్చును. 2022 జులై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చినది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటి నీరు రాలేదు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. అట్టి సమయమున సంఘ కార్యాలయమును ఖాళీ చేసి ఎత్తైన ఊరికి పోవలసివచ్చినను నంబరు మనతో రాగలదు. టవరు నిలిచియుండుట మాత్రము వేరు సంగతి. 108కు చేయవలసిన ఫోనులను సెల్ ఫోను నుండియే చేయుట మంచిది, ఇంటర్నెట్టు ఫోను ఎక్కడ నుండి పలుకుచున్నదో అవతలివారికి సరిగా తెలియకపోవచ్చును.

కొనునప్పుడు మెలకువ కావలెను. మన దేశములో ఇంటర్నెట్టు ద్వారా మాటలాడుట 2002 ఏప్రిలు 1 నుండి అనుమతింపబడినను, సాధారణ ఫోనులతో విస్తారముగ కలుపు వీలు 2018 జూనులోని ఉత్తర్వులతోనే వచ్చినది. నంబరు ఇచ్చు కంపెనీకి టెలికాము లైసెన్సు ఉండవలెను. సిమ్ములు గుచ్చిన పెట్టె ఒకటి తెచ్చి "అన్ని కాల్సు ఉచితము" అనువానిని గడప దాటనీయవలదు, అట్టి పెట్టెలపై పోలీసు కేసులు నడచుచున్నవి. మరొకటి. సెల్ నంబరును కంపెనీ మార్చినను నిలుపుకొను వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతట కలదు. ల్యాండులైను నంబరుకు ఆ వీలు లేదు. కావున చౌకదనము చూచి కాదు, మన మండలములో లైను తెగిన ఎన్ని దినములలో బాగుచేయుచున్నారో చూచి కంపెనీని ఎన్నుకొనవలెను. పొరుగు సంఘమువారిని అడిగిన తెలియును.

అందరికిని ఇది అక్కరలేదు. దినమునకు పదిమంది ఫోను చేయు చిన్న దుకాణమునకు, ఒకే గది సంఘమునకు, సంస్థ పేరున తీసికొన్న ఒక సిమ్ము, బల్లకు గొలుసుతో కట్టిన బటనుల ఫోను చాలును. అది కూడ సంస్థ నంబరే కదా! ఫైబరు ఇంకను రాని, ఒక్క టవరే దిక్కైన గూడెములలో ఇంటర్నెట్టు ఫోను మాట ఇప్పుడు తలపెట్టవలదు. రెండు మూడు చోట్ల పనిచేయు సంఘములు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు ఉన్న సంస్థలు మాత్రము లెక్క వేసికొనవలెను. ఏడాదిలో సంస్థ కట్టుచున్న సెల్ బిల్లులు, రీచార్జులు ఒక ప్రక్క, కొత్త నంబరు అద్దె, ఫోను యంత్రములు, బ్యాటరీ ఒక ప్రక్క వ్రాయుడు. బ్యాటరీని నాలుగేండ్లపై పంచి లెక్కించుడు.

వానాకాలపు ఎరువుల రద్దీకి ముందే, మే నెలలోనే ఈ సంగతి పాలకవర్గము ముందు, పాలకవర్గము లేనిచోట ప్రత్యేకాధికారి ముందు పెట్టుడు. కొత్త నంబరు వచ్చిన తరువాత పాత సెల్ నంబర్లను ఒక పంటకాలము వరకు దానికి మళ్లించియుంచి, గోదాము గోడపై, రైతు వేదిక గోడపై, పంచాయతీ కార్యాలయమువద్ద నంబరును దూరమునుండి కనబడునంత పెద్ద అంకెలతో వ్రాయించుడు.