"కుక్క తప్పించుకుపోయింది" - ఈ వాక్యంలో కర్త ఎవరు?

గడచిన దీపావళి మరునాడు మా వీధిలో ఈ వాక్యాన్ని పదిమంది నోట విన్నాను. వ్యాకరణరీత్యా అందులో దోషమేమీ లేదు. అయితే జీవితమంతా బడిపిల్లలకు కర్తను గుర్తించడం నేర్పినవాణ్ణి గనుక దాన్ని ఒప్పుకోలేకున్నాను.

జరిగినది ఇది. రాత్రి భోజనాలయ్యాక పొరుగింటాయన తమ కుక్కకు తోలు మెడపట్టీ వేసి, గొలుసు పట్టుకొని వీధిలోకి తెచ్చారు. పక్క సందులో లక్ష్మీబాంబు పేలింది. కుక్క ముందుకు ఉరకలేదు. ముందుకాళ్ళు నేలకు తన్నిపెట్టి, తల వంచి వెనక్కు గుంజింది. ఆయన గొలుసు తనవైపు లాగారు. పట్టీ ఖాళీగా ఆయన చేతిలో మిగిలింది. రెండోనాడు దాని కళేబరం 16వ నంబరు జాతీయ రహదారి పక్కన కనబడింది. పరామర్శకు వెళితే, "ఉత్త పిరికిది మాస్టారూ, దాని ఖర్మ" అన్నారు. నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది.

ఖర్మ ఎక్కడిది? మన నాటుకుక్కల తల సన్నం. మెడకూ తలకూ చుట్టుకొలతలో పెద్ద తేడా ఉండదు. పట్టీ వదులుగా ఉంటే జారిపోతుంది, బిగిస్తే శ్వాసనాళాన్ని నొక్కుతుంది. పత్తిచేలో గుంటక తోలే రైతు ఎద్దు మూపున కాడి వేస్తాడు గాని దాని గొంతుకు తాడు బిగించి లాగించడు. ఆయనకు తెలిసినది పట్నవాసపు కుక్కల యజమానులకు తెలియకపోవడమే వింత.

"మరి హార్నెస్ కొన్నాం గదా" అనేవారితో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. (ఆ వస్తువుకు 'రొమ్ముపట్టెడ' అని పేరు పెట్టుకున్నాను. ఎద్దు మెడకు పట్టెడ ఉండగా కుక్క రొమ్ముకు ఉంటే తప్పేమి?) అంగళ్ళలో సాధారణంగా దొరికే పట్టెడకు రెండే పట్టీలు: ఒకటి మెడ చుట్టూ, రెండోది ముందుకాళ్ళ వెనుక. నాకు అమ్మినవారు కుక్క బరువెంతో అడిగి, ఒకటి తీసి చేతిలో పెట్టారు. కొలత అడగలేదు. మా సరమ వీధిలో రాళ్ళదెబ్బలు తిని మా పంచన చేరిన కుక్క. మోటారుసైకిలు చప్పుడుకే వణుకుతుంది. మూడోనాడు మా పెరట్లోనే, స్టీలు బిందె కిందపడిన మోతకు, ఆ కొత్త పట్టెడలోంచి వెనక్కు జారి బయటపడింది. గేటు వేసి ఉండబట్టి బ్రతికింది.

అదెలా జరిగిందో నా కళ్ళతో చూశాను. వెనక్కు గుంజే కుక్క మోచేతులు లోపలికి ముడుస్తుంది. భుజాలు సన్నబడతాయి. మనం ముందుకు లాగే కొద్దీ పట్టెడ మొత్తం తలమీదుగా ఊడివస్తుంది. అంటే తప్పించుకోవడానికి సగం సాయం మనదే. దీనికి విరుగుడు మూడో పట్టీ. అది పక్కటెముకలు ముగిసిన చోట, నడుము సన్నబడిన దగ్గర చుట్టి ఉండాలి. కుక్క ఎంత వెనక్కు గుంజినా, వెడల్పాటి పక్కటెముకల గూడు దాటి ఆ పట్టీ ముందుకు రాలేదు. నాటుకుక్కకు లోతైన రొమ్ము, లోపలికి పోయిన పొట్ట ఉంటాయి గనుక ఇది మరీ చక్కగా కుదురుతుంది.

కుదరకపోతే మాత్రం దండగ. పట్టెడ పొడవు చాలక మూడో పట్టీ ఎముకల మీదనే కూర్చుంటే అది ఉన్నా లేనట్టే. అందుచేత మెడ, ముందుకాళ్ళ వెనుక రొమ్ము, నడుము - ఈ మూడు చుట్టుకొలతలతోపాటు వీపు మీది పొడవు కూడా టేపుతో కొలవాలి. ప్రతి పట్టీ కిందా రెండు వేళ్ళు బల్లపరుపుగా దూరాలి, అంతకు మించకూడదు. రొమ్ముపట్టీ చంకకు ఆనితే పొట్టి వెంట్రుకల కుక్కకు ఒరుసుకొని పుండవుతుంది. మెడ దగ్గర కూడా బకిల్ ఉన్నదే ఎంచుకోవాలి, తలమీదుగా ఏదైనా తొడగబోతే భయపడే కుక్కలెన్నో. పట్టీలు వాడకంలో జారి వదులవుతాయి, వారానికొకసారి చూడాలి. తాడు వీపు మీది రింగుకు తగిలించి, మెడపట్టీని చిన్న తాడుతో పట్టెడకు కలిపితే ఒకటి ఊడినా ఇంకొకటి ఉంటుంది. దానంతటది చుట్టుకొనే తాడు మాత్రం వద్దు. దాని పెద్ద ప్లాస్టిక్ పిడి చేయి జారిందా, టకటకమంటూ కుక్క వెంటబడి తరుముతుంది.

మూడు పట్టీలది దొరకక, నేను బడిసంచులు కుట్టే దుకాణానికి పోయి ఉన్నదానికే నైలాన్ నవారుతో మూడోది కుట్టించాను. కుట్టే అబ్బాయి నవ్వాడు, అయినా బాగా కుట్టాడు. ఇంట్లోనే తొడిగి, బెల్లంముక్క కాదు సుమా, ఉడికించిన కోడిమాంసం ముక్క పెడుతూ పదిరోజులు అలవాటు చేశాను. శాకాహారినైన నాకు అదొక తపస్సు.

"ఊరకుక్కకు ఇన్ని సోకులా?" అనేవారున్నారు. "చప్పుళ్ళలోకి ఈడ్చుకెళ్ళండి, భయం అదే పోతుంది" అనే వైద్యులూ ఉన్నారు. అలా ఈడ్చితే భయం ముదురుతుంది. భారతం ఆదిపర్వంలో సరమ తన బిడ్డను నిష్కారణంగా కొట్టినందుకు జనమేజయుణ్ణి నిలదీసి, కారణం లేని భయాలు కలుగుతాయని చెప్పి పోతుంది. నన్నయగారి ఆ పద్యాన్ని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కొట్టింది మనం, భయం మాత్రం కుక్కకు మిగిలింది. దానికి మనం పెట్టిన పేరు పిరికితనం! ఇక పొట్టి గొలుసుతో రోజంతా కట్టేసి 'భద్రత' అనేవారు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ చదవాలి. అసమంజసంగా పొట్టిదో బరువైనదో అయిన గొలుసుతో అధిక సమయం కట్టివేయడాన్ని అది హింస కిందనే లెక్కగట్టింది.

పొరుగింటాయన మొన్న మరో పిల్లను తెచ్చారు. మెడలో అదే తోలుపట్టీ. నేను టేపు తీసుకొని వెళ్ళాను. "ఇంకా చిన్నది గదా మాస్టారూ, దీపావళి నాటికి చూద్దాం" అన్నారు. పెరిగే పిల్లకు నెలనెలా కొలత మారుతుందని చెప్పి, ఆయన వద్దంటున్నా నడుము కొలిచి, కాగితం మీద వ్రాసి ఇచ్చి వచ్చాను.